బిల్జిలో డీజిల్ తేలుతోంది, ఇంజిన్ హంటింగ్ చేస్తోంది: లీకు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

గంగవరం కెరటం

అందరికీ నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకు ఒక చెక్క ట్రాలర్ ఉంది. అందులో ఆరు సిలిండర్ల అశోక్ లేలాండ్ డీజిల్ ఇంజిన్ బిగించి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి బోటు ఇప్పుడు జెట్టీ దగ్గరే ఉంది. మళ్లీ వేటకు వెళ్లేలోపు ఈ బెడద వదిలించుకోవాలని మీ సలహా అడుగుతున్నాను.

బిల్జిలో, అంటే బోటు అడుగున చేరే నీటి మీద, రోజూ డీజిల్ పొర తేలుతోంది. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్ ఉదయం ఒకపట్టాన అందుకోదు, చేతి పంపు చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. అందుకున్న తర్వాత కూడా లోడు పడినప్పుడు హంటింగ్ చేస్తోంది, అంటే వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటోంది. ట్యాంకు నుంచి ఫిల్టరు వరకు, ఫిల్టరు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే పంపు) వరకు రాగి గొట్టం ఉంది. ఇంజిన్ నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే లైను మాత్రం రబ్బరు గొట్టం. ఒక మెకానిక్ వచ్చి నట్లన్నీ బిగించి వెళ్లాడు, ఇంకొకరు ఫిల్టరు మార్చమంటున్నారు. నట్లు బిగించాక తడి తగ్గలేదు సరికదా, కాస్త పెరిగినట్టే అనిపిస్తోంది.

పాతనగరం పానా

ఫిల్టరు మార్చే ముందు రెండు సంగతులు చెప్పండి. తడి ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు కనబడుతోందా, నడుస్తున్నప్పుడా? ట్యాంకు అడుగు ఫీడ్ పంపు కంటే ఎత్తులో ఉందా, కిందికి ఉందా? ఈ రెండూ తెలియకుండా ఎవరు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది.

వీటికన్నా ముందు చేయాల్సింది ఒకటి ఉంది. పని లేనప్పుడల్లా ట్యాంకు కాక్ మూసి ఉంచండి. లీకు సంగతి తేలేదాకా బోటులో గ్యాస్ పొయ్యి వెలిగించనివ్వకండి, ఇంజిన్ గది మూత తీసి గాలి ఆడనివ్వండి. 2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్‌లో మంటలు లేచినప్పుడు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు అవి ఎంత వేగంగా పాకాయో ఇక్కడున్న చాలామంది చూశారు. ఆ మంట ఎలా మొదలైందన్నది వేరే విషయం. కానీ పక్కపక్కనే ఆనించి కట్టిన చెక్క బోట్లలో డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఉంటే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది.

ఋషికొండ తెడ్డు

నాది చిన్న పెట్రోలు ఇన్‌బోర్డ్ పడవ, అందుకే ఒక్క మాట చెప్పి పక్కకు తప్పుకుంటాను. ఈ చర్చలో డీజిల్ గురించి చెప్పేవన్నీ పెట్రోలుకు వర్తిస్తాయని ఎవరూ అనుకోవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి అది బిల్జిలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అలాంటప్పుడు స్టార్టర్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, పడవ పేలిపోతుంది. పెట్రోలు వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టకుండా, బ్యాటరీ జోలికి కూడా పోకుండా, ముందు మూతలు తెరిచి మనుషులను దించాలి. లీకు వెతకడం ఆ తర్వాత.

పాతనగరం పానా

మంచి మాట గుర్తు చేశారు. అయితే డీజిల్‌కు భయం లేదని కూడా ఎవరూ అనుకోకూడదు. మన బంకుల్లో దొరికే డీజిల్‌కు ప్రమాణం ప్రకారం ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) 35 డిగ్రీలు మాత్రమే, ఓడల ఇంధనానికి అది 60 డిగ్రీలు. మే నెలలో మూత వేసిన ఇంజిన్ గదిలో వేడి 35 డిగ్రీలు దాటడం పెద్ద విషయమేమీ కాదు.

గంగవరం కెరటం

ట్యాంకు ఎడమ పక్కన ఉంది. నిండుగా ఉన్నప్పుడు అందులోని డీజిల్ మట్టం ఫీడ్ పంపు కంటే సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫిల్టరు కింద తడి కనబడుతుంది. నడుస్తున్నప్పుడు అక్కడ దాదాపు పొడిగానే ఉంటుంది కానీ వెనక వైపు, ట్యాంకుకు వెళ్లే దారిలో చెక్క తడుస్తోంది. రెండూ ఒకే లీకు తాలూకు గుర్తులో, వేరువేరో నాకు అర్థం కావడం లేదు.

ఇంజిన్‌గది

మీరు ఇప్పుడు రాసిన దానిలోనే జవాబు ముప్పాతిక వంతు ఉంది. నేను ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటూ తెలిసినవారి బోట్లు చూసిపెడుతున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న భాగం పీల్చే వైపు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడి పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి గొట్టానికి చిల్లు ఉన్నా డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. ఆ గాలి బుడగలు ఇంజెక్షన్ పంపు దాకా వెళ్లి ఇంజిన్‌ను హంటింగ్ చేయిస్తాయి. ఇంజిన్ ఆపాక పీల్చడం ఆగిపోతుంది, ట్యాంకులోని డీజిల్ బరువు పైనుంచి నెడుతుంది. మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి 0.08 బార్ మాత్రమే అయినా చుక్కచుక్కగా కారడానికి అది చాలు. అంటే నడిచేటప్పుడు గాలి పీల్చేదీ, ఆపినప్పుడు డీజిల్ కార్చేదీ ఒకే చిల్లు కావచ్చు. అందుకే ఇంజిన్ నడుపుతూ టార్చి వేసి ఎంత వెతికినా ఇలాంటి లీకు కనబడదు. రాత్రంతా గాలి చేరిన లైను ఉదయం ఇంజిన్‌ను అందుకోనివ్వకపోవడం కూడా దీనివల్లే.

ఫీడ్ పంపు దాటాక పరిస్థితి తలకిందులవుతుంది. అక్కడ ఒకటి రెండు బార్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నడుస్తున్నప్పుడే కారుతుంది. తిరుగు లైనూ అంతే, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అందులో డీజిల్ పారుతూనే ఉంటుంది. ట్యాంకుకు వెళ్లే దారిలో చెక్క తడుస్తోందని మీరన్నారు కాబట్టి మీకు రెండో లీకు తిరుగు లైనులో ఉందని నా అనుమానం. ఒకటి దొరికింది కదా అని అక్కడితో ఆగిపోకండి.

వెతికే పద్ధతి ఇది. ట్యాంకు కాక్ మూసి, గొట్టాన్నీ జాయింట్లనూ పాత బట్టతో శుభ్రంగా తుడవండి. డీజిల్ పాకే గుణం ఉన్నది కాబట్టి, పైన ఎక్కడో కారినది గొట్టం వెంబడి జారి కింద ఫిల్టరు దగ్గర చుక్కగా పడుతుంది, మనం ఫిల్టరును నిందిస్తాం. పూర్తిగా ఆరాక ప్రతి జాయింటు మీదా ముగ్గుపిండి పలచగా చల్లండి, కింద పాత వార్తాపత్రిక పరవండి. కాక్ తెరిచి, ఇంజిన్ నడపకుండా కొన్ని గంటలు వదిలేయండి. పిండి ఎక్కడ మొదట తడిసి ముదురు రంగుకు తిరుగుతుందో అదే చోటు. కింద తడిసిన చోటును నమ్మకండి, అన్నిటికన్నా పైన తడిసినదే అసలు చోటు. ఆ తర్వాత తిరుగు లైనుకు కూడా అలాగే చేసి, ఈసారి ఇంజిన్ నడిపి చూడండి.

గాలి పోతోందో లేదో తేల్చుకోవాలంటే ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా బిగించి చూడండి. ట్యాంకు వైపు నుంచి వస్తున్న డీజిల్‌లో బుడగలు కనబడితే లీకు దానికి ముందే ఉన్నట్టు. పరీక్ష అయ్యాక దాన్ని తప్పకుండా తీసేయండి, ఇంజిన్ వేడికీ మంటకీ అలాంటి గొట్టం నిలవదు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఇంజెక్షన్ పంపు నుంచి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు వెళ్లే సన్నని ఉక్కు గొట్టాల దగ్గర, నడుస్తున్న ఇంజిన్ మీద చెయ్యి పెట్టి తడి వెతకకండి. నాజిల్ తెరుచుకునే ఒత్తిడే 200 బార్ చుట్టుపక్కల ఉంటుంది, గొట్టంలో అంతకన్నా పైకి వెళ్తుంది. ఆ ఒత్తిడిలో సన్నని చీలిక నుంచి వచ్చే డీజిల్ కంటికి కనబడకుండానే చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపల కండ చచ్చుబడుతుంది. అలా జరిగితే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే కేజీహెచ్ క్యాజువాల్టీకి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. ఆ గొట్టాల దగ్గర వెతకడానికి అట్టముక్క వాడండి.

సరంగు బాబాయి

చదువుకున్నవారు చాలా చెప్పారు, కాదనను. కానీ నడిసముద్రంలో డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా కనబడని చోట గొట్టం చీలితే ముగ్గుపిండి చల్లుకుంటూ కూర్చోలేం. సైకిల్ ట్యూబు ముక్క లాగి చుట్టి, పైన తీగ బిగించి, ఎం-సీల్ పెట్టి బోటును ఒడ్డుకు తెచ్చిన సరంగులు ఇదే హార్బర్‌లో ఎంతోమంది ఉన్నారు. ఆ పద్ధతిని అంత తేలిగ్గా తీసిపారేయకండి.

ఇంజిన్‌గది

బాబాయి గారూ, తీసిపారేయడం లేదు. పీల్చే వైపు ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి ట్యూబు చుట్టు ఇంటికి చేరేదాకా పనిచేస్తుంది. ఎం-సీల్ మాత్రం డీజిల్ తడి ఉన్న చోట పట్టదు. ముందు కాక్ మూసి, ఉప్పుకాగితంతో గీకి, పొడిగా తుడిచి పెడితేనే నిలుస్తుంది. నాజిల్ గొట్టానికైతే ఏ చుట్టూ నిలవదు, ఆ సిలిండరును పనిలోంచి తప్పించి మిగతా వాటితో నెమ్మదిగా రావాలి. నా అభ్యంతరమల్లా ఒడ్డుకు చేరాక ఆ ట్యూబు ముక్కను మరో రెండు సీజన్లు అలాగే ఉంచేవారి గురించి. సైకిల్ ట్యూబు రబ్బరు డీజిల్‌లో ఉబ్బి, మెత్తబడి, చివరికి ముక్కలై ఫిల్టరులోకి చేరుతుంది.

సరంగు బాబాయి

అది నిజమే. ఒప్పుకుంటున్నాను.

గంగవరం కెరటం

ఇంజిన్‌గది గారు చెప్పినట్టే చేశాను. ఫిల్టరు తడవలేదు. ఫీడ్ పంపు దగ్గర రాగి గొట్టం చివర, ఫ్లేర్ నట్టు (విప్పారిన గొట్టం నోటిని పట్టి ఉంచే నట్టు) వెనక భాగంలో పిండి మొదట తడిసింది. నట్టు విప్పి చూస్తే గొట్టం నోరు విప్పారిన చోట వెంట్రుక మందాన ఒక చీలిక, గొట్టం చుట్టుకొలతలో దాదాపు మూడో వంతు దాకా పాకి ఉంది. గోటితో తడిమితే తెలుస్తోంది కానీ కంటికి ఏటవాలుగా వెలుతురు పడితేనే కనబడుతోంది. రెండోది తిరుగు లైను రబ్బరు గొట్టం. ట్యాంకుకు వెళ్లే దారిలో అది ఒక చెక్క బద్ద అంచుకు ఆనుకుని ఉంది, ఆ ఆనిన చోట పైపొర అరిగి లోపలి నూలు అల్లిక బయటపడింది. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, రాగి గొట్టాన్ని ఆ చీలిక దాకా కోసేసి మళ్లీ ఫ్లేర్ చేస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా? మార్చితే రాగే వేయాలా, ఉక్కు వేయాలా, హోస్ వేయాలా?

పాతనగరం పానా

గొట్టం ఎందుకు చీలిందో చూడకుండా మళ్లీ ఫ్లేర్ చేస్తే అది మళ్లీ అక్కడే చీలుతుంది. రాగి మెత్తని లోహమే కానీ, అదేపనిగా అదురుతూ ఉంటే గట్టిపడి పెళుసుబారుతుంది. మీ గొట్టం ఒక చివర చెక్కకు బిగించి కదలకుండా ఉంది, రెండో చివర అదిరే ఇంజిన్‌కు నేరుగా బిగించి ఉంది. ఆ అదురంతా ఫ్లేర్ మెడ మీదే పడుతుంది. మొదటి మెకానిక్ నట్టు ఇంకా బిగించడంతో చీలిక మరికాస్త తెరుచుకుని ఉంటుంది, అందుకే తడి పెరిగింది. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందన్న నమ్మకం మన హార్బర్‌లో ఎంతో ఇంధనాన్ని బిల్జి పాలు చేసింది.

మువ్వలపాలెం ఫిట్టర్

మెరైన్ ఫిట్టర్ పని నేర్చుకున్న వాణ్ని కాబట్టి గొట్టాల సంగతి నేను చెబుతాను. ఇక్కడ ఇంజిన్‌గది గారితో నాకు కొంచెం భేదాభిప్రాయం ఉండవచ్చు.

బోటు గోడ వెంబడి వెళ్లే నిడివికి రాగి గొట్టం ఫరవాలేదు. రాగి తగలడం వల్ల డీజిల్ త్వరగా పాడై జిగురు పడుతుందన్న మాట నిజమే కానీ, రోజూ డీజిల్ పారే వేట బోటులో దానికంత సమయం చిక్కదు. నెలల తరబడి కదలని పడవలకే అది సమస్య. గాల్వనైజ్డ్ ఇనుప గొట్టం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి, చవకగా వస్తుందని ఎవరు చెప్పినా వినకండి. పైపూతలోని జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థం తయారై నాజిళ్లను మూసేస్తుంది. ఇత్తడి, ఉక్కు జాయింట్లను ఉప్పు తడి తగిలే చోట కలిపి వేయడం కూడా మంచిది కాదు, ఉక్కు తొందరగా తినుకుపోతుంది.

గోడకు బిగించిన గొట్టానికీ ఇంజిన్‌కూ మధ్య తప్పనిసరిగా ఒక మెత్తని హోస్ ముక్క ఉండాలి. ఆ అదురును మింగేది అదే. హోస్ కొనేటప్పుడు దుకాణదారు 'డీజిల్ హోస్' అంటే సరిపోదు, గొట్టం పొడవునా అచ్చు వేసిన అక్షరాలు చదవండి. ఐఎస్ఓ 7840, ఏ1 అని ఉన్నది ఇంజిన్ గదికి తగినది. ఏ అంటే రెండున్నర నిమిషాల మంట పరీక్షకు నిలిచిందని అర్థం, 1 అంటే గోడ గుండా ఇంధనం తక్కువగా ఊరుతుందని అర్థం. ఆ రెండున్నర నిమిషాలు తక్కువగా కనబడవచ్చు కానీ కాక్ మూసి, మంటలార్పే సిలిండరు అందుకోవడానికి ఆ వ్యవధి ఎంతో విలువైనది. తిరుగు లైనుకు కూడా అదే వేయండి. అందులో ఒత్తిడి లేదు కదా అని చాలామంది ఏదో ఒక నీళ్ల గొట్టం తగిలిస్తారు. అది తెగినా ఇంజిన్ ఆగదు కాబట్టి డీజిల్ పోతున్న సంగతి ఎవరికీ తెలియదు.

ఇంజిన్‌గది

భేదాభిప్రాయం ఏమీ లేదు, ఒక్కటి కలుపుతాను. పెద్ద ఓడలకు సోలాస్ (ఓడల భద్రత ఒప్పందం) నిబంధనల ప్రకారం, ఇంధనం కారితే తగిలే అవకాశం ఉండి 220 డిగ్రీలు దాటే ఉపరితలాలన్నిటికీ ఇన్సులేషన్ కప్పాలి. మన బోట్లకు ఆ నిబంధన వర్తించకపోయినా దాని వెనకున్న కారణం మాత్రం వర్తిస్తుంది. పొడి ఎగ్జాస్ట్ గొట్టానికి చుట్టిన తాడు డీజిల్‌తో తడిసి ఉంటే అది దీపపు వత్తిలా పనిచేస్తుంది. ఇన్నాళ్లు లీకు ఉంది కాబట్టి ఆ చుట్టు కూడా తడిమి చూసి, తడిసి ఉంటే విప్పి కొత్తది వేయండి. కొత్త గొట్టాల దారి ఎగ్జాస్ట్ పైనుంచి పోకుండా చూడండి.

మువ్వలపాలెం ఫిట్టర్

ఇక బిగించే పని. ట్యాంకు కాక్ మూసి, గొట్టంలో మిగిలినది డబ్బాలోకి వంచాకే విప్పండి, లేదంటే ట్యాంకు ఎత్తులో ఉంది కాబట్టి సైఫన్ పట్టి అంతా బిల్జిలోకి వస్తుంది. రాగి గొట్టాన్ని రంపంతో కాకుండా గొట్టం కోసే కట్టరుతో కోసి, లోపలి అంచు గీకి, ఆ రజను ఊదేయండి. ఫ్లేర్ చేసే ముందు నట్టు గొట్టానికి ఎక్కించి ఉంచుకోండి. ఫ్లేర్ కోణాలు 37 డిగ్రీలవీ 45 డిగ్రీలవీ రెండు రకాలు ఉంటాయి. ఒకదాని గొట్టం మరొకదాని నట్టుకు ఎక్కినట్టే ఉంటుంది కానీ అంచు ఒక్క గీత మీదే ఆని కారుతుంది. కాబట్టి పాత జాయింటును దుకాణానికి పట్టుకెళ్లి సరిపోల్చి తెచ్చుకోండి. ఫ్లేర్ మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి. అక్కడ సీలు వేసేది లోహానికి లోహం ఆనడమే, టేపు పీచులు మాత్రం పంపులోకి పోతాయి.

బాంజో బోల్టుల (మధ్యలోంచి డీజిల్ పారే బోలు బోల్టుల) కింద ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయండి. కొత్తవి చేతిలో లేకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి, తర్వాత మసి తుడిచి వేయవచ్చు. ఈ కాల్చే పని మాత్రం జెట్టీ మీద, బోటుకు దూరంగా చేయండి. హోస్ చివర్లలో స్టెయిన్‌లెస్ క్లిప్పులు వాడండి, తీగ చుట్టకండి. గొట్టాన్ని దారి పొడవునా జానెడు, మూరెడు దూరానికోసారి రబ్బరు పొర ఉన్న క్లాంపులతో చెక్కకు పట్టించండి. ఆ చెక్క బద్ద అంచును గుండ్రంగా చెక్కి, హోస్ దానికి తగలకుండా తప్పించండి.

చివరగా గాలి తీయడం. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఇంజిన్ వైపు రావాలి. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టి, కారుతుండగానే బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ నట్లు ఒక్కొక్కటి కాస్త వదులు చేసి స్టార్టర్ తిప్పండి, చెయ్యి దూరంగా ఉంచండి. కారినదంతా డబ్బాలో పట్టండి.

గంగవరం కెరటం

పని పూర్తయింది. గోడ వెంబడి కొత్త రాగి గొట్టం, ఇంజిన్ దగ్గర అక్షరాలు చూసి కొన్న హోస్, తిరుగు లైను మొత్తం హోసే వేశాము. ఎగ్జాస్ట్ చుట్టు ఒక చోట తడిసి ఉంటే విప్పేశాము. చేతి పంపు కొట్టకుండానే ఉదయం ఇంజిన్ అందుకుంది, హంటింగ్ లేదు. రెండు సందేహాలు మిగిలాయి. బిల్జిలో ఉన్న డీజిల్ నీటిని ఏం చేయాలి? జెట్టీకి కట్టి ఉండగానే లోడు పెట్టి పరీక్షించవచ్చా?

పాతనగరం పానా

బిల్జి పంపు ఆన్ చేసి హార్బర్‌లోకి తోడేయకండి. ఓడలకు మార్పోల్ (సముద్ర కాలుష్య నివారణ ఒప్పందం) ప్రకారం 15 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 15 భాగాలు, దాటిన నూనె నీరు వదలకూడదు, మీ బిల్జిలో ఉన్నది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైన తేలిన పొరను పాత దుప్పటి ముక్కలతో, స్పాంజితో పీల్చి డ్రమ్ములో పిండి, పాత ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా డ్రమ్ములోకే తోడండి. బిల్జి పొడిగా ఉంటే కొత్త లీకు వచ్చిన రోజే కనబడుతుంది కూడా.

ఇంజిన్‌గది

పరీక్షించవచ్చు, పరీక్షించాలి కూడా. ముందూ వెనకా మోకులు గట్టిగా కట్టి, చుట్టూ చిన్న తెప్పలేవీ లేవని చూసుకుని, గేరు ముందుకు వేసి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. కొత్త జాయింట్ల కింద పొడి కాగితం పరిచి ఉంచండి. వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆపి పూర్తిగా చల్లారాక మర్నాడు ఇంకోసారి చూడండి. హోస్ క్లిప్పులు మొదటి వేడికి కాస్త సడలుతాయి, చల్లారాక వాటిని అర చుట్టు బిగించండి, ఫ్లేర్ నట్లను మాత్రం ముట్టకండి. డిప్ స్టిక్ తీసి ఇంజిన్ ఆయిల్ మట్టం కూడా చూడండి. మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు లోపలి నుంచి కారుతోందన్నమాట. అలా ఉంటే బేరింగులు పాడవక ముందే పంపు విప్పించాలి.

గంగవరం కెరటం

ఆయిల్ మట్టం గీత దగ్గరే ఉంది, వాసన లేదు. రేపు మోకులు కట్టి నడుపుతాం.

ఋషికొండ తెడ్డు

ఇంజిన్‌గది గారూ, ఇదంతా చదివి మా పడవ హోస్ చూశాను. మీద అక్షరాలే లేవు, వంచితే సన్నని పగుళ్లు కనబడుతున్నాయి. కారడం మాత్రం లేదు. ఈ సీజన్‌కు ఉంచవచ్చా?

ఇంజిన్‌గది

పెట్రోలు పడవ అన్నారు కదా. ఉంచకండి, పడవ నడపక ముందే మార్చండి.